పెట్టె తెరిచేవారికి

చీటీల మావయ్యకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. తాను జన్మలో చూడబోని మనుషులకు చీటీలు రాస్తాడు.

చూసే మనుషులకు రాయడు. ఎదురుగా ఉన్నవాళ్ళకు నోటితో చెప్పొచ్చు కదా, చీటీ రాసే అట్ట దండగ, అంటాడు. పోనీ నోటితో చెబుతాడా అంటే అదీ లేదు. రోజుకు పాతిక మాటలు మాట్లాడితే అందులో పది "ఊఁ"లే. అత్తయ్య బాధ కూడా అదే. "నలభై ఏళ్ళ కాపురంలో నాకంటూ ఒక్క ముక్క రాయలేదమ్మా ఈ మనిషి. మొన్న మాత్రం వీధిలో డ్రైనేజీ మూత కింద చీటీ పెట్టి వచ్చాడు, రేపెప్పుడో దాన్ని ఎత్తేవాడి కోసం!"

ఆ చీటీలో ఏముందో కూడా ఆవిడే చెప్పింది. "ఈ మూత ఎత్తినవారికి నమస్కారం. కుడిపక్క అంచు విరిగింది, వేళ్ళు జాగ్రత్త. మీరు చేసే పని అందరి వల్లా కాదు." తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, నాలుగు పక్కలా టేపు వేసి మరీ పెట్టాడట.

కింద ఆయన సైకిల్ రిపేరు షాపు, మధ్య అంతస్తులో వాళ్ళ కాపురం, పైన అద్దెకు ఒక గది. ఆ గదిలోకి నాలుగేళ్ళ కిందట ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఒకామె దిగింది. ఇప్పుడు నలభై దగ్గర పడుతున్నా మావయ్యకు ఆమె ఎక్స్‌రే అమ్మాయే. దిగిన రోజు బట్టలు సర్దుకుందామని గోడ అలమరా తెరిస్తే లోపల ఒక అట్టముక్క వేలాడుతోంది.

"ఈ అలమరా తెరిచినవారికి నమస్కారం. పై అరలో ఎడమవైపు మేకు పొడుచుకొచ్చి ఉంది. పీకితే అర ఊడుతుంది. పీకకపోతే చేయి గీరుకుంటుంది. ఆలోచించుకోండి."

ఆమె రెండు రోజులు ఆలోచించి, చివరికి మేకుకు ఒక పాత సాక్సు తొడిగింది. కిందికి వెళ్ళి ఆ సంగతి చెబితే మావయ్య పానా పక్కన పెట్టి, ఎంతో గంభీరంగా, "నాకు తట్టలేదు," అన్నాడు. ఆ రెండు మాటల యోగ్యతాపత్రంతో ఆమెకు షాపులో ఒక స్టూలు దక్కింది. ఆదివారాలు ఆ స్టూలు మీద కూర్చుని ఆయన చేసే పని చూస్తూ చూస్తూ, ఆమె కూడా సైకిల్ పిచ్చిలో పడింది.

షాపులో చీటీ లేని సైకిల్ బయటికి పోదు. హ్యాండిల్ గొట్టంలో చుట్టి పెడతాడు, సీటు కింద అతికిస్తాడు. అవి సైకిల్ యజమానికి కావు. ఎప్పుడో, ఏ ఊళ్ళోనో ఆ సైకిల్ విప్పబోయే మెకానిక్కుకు. "ఈ బోల్టు లోగడ ఒకసారి బాధపడింది. బలం చూపించకండి." ఎడమ పెడల్ మర అందరికీ తెలిసిన మరలకు ఎదురు తిరుగుతుంది, కొత్తవాళ్ళు విప్పుతున్నాం అనుకుంటూ బిగించేస్తుంటారు. అక్కడొక చీటీ. "ఇది ఎడమది. లోకం ఒక దారి, ఇది ఒక దారి. మందలించి ప్రయోజనం లేదు." రాసి ఊరుకుంటే బాగుండేది. భాష రానివాళ్ళు కూడా ఉంటారు కదా అని ప్రతి చీటీ వెనకా బొమ్మ వేసేవాడు. ఆయన చేతికి సైకిళ్ళు వచ్చినంత బాగా బొమ్మలు రావు. ఆయన గీసిన సీటు చేపలా ఉండేది. చేప మొహంలో కాస్త విచారం కూడా ఉండేది.

ఇక విమానం ఎక్కే సైకిళ్ళ దగ్గర ఆ జబ్బు ముదిరి పాకాన పడేది. ఊళ్ళో దూరదేశాల పందేలకు వెళ్ళే సైకిలు వాళ్ళందరి పెట్టెలూ ఆయనే సర్దుతాడు. పెట్టెను ఎయిర్‌పోర్టులో ఎవరో ఒకరు తెరుస్తారని ఆయనకు తెలుసు. తెరిచేవాళ్ళు ఎవరో తెలియదు. చీటీల మావయ్యకు అంతకంటే ఏం కావాలి? పెట్టెకు పది చీటీలకు తగ్గేవి కావు.

"అయినా వాళ్ళు చదువుతారంటారా?" అని ఎవరైనా నవ్వితే, "ఊఁ," అనేవాడు. ఆ "ఊఁ"కు అవుననీ కాదనీ రెండర్థాలూ లేవు. ఎనిమిదేళ్ళలో ఒక్క చీటీకీ జవాబు రాలేదు.

పోయిన ఏడాది ఎక్స్‌రే అమ్మాయి వంతు వచ్చింది. నాలుగు రోజుల్లో వెయ్యి కిలోమీటర్లు తొక్కాలి, అదీ సముద్రం అవతలి దేశంలో. మావయ్య ఆమె కోసం నడుం దగ్గర రెండు ముక్కలయ్యే ప్రయాణపు సైకిల్ కట్టాడు. ముక్కలు విప్పితే మామూలు పెట్టెలో పడుతుంది. కలిపితే, కింది గొట్టం దగ్గర రెండు ముక్కల్నీ పట్టి ఉంచేది బొటనవేలంత బిగింపు పట్టీ ఒక్కటే. అంతా బాగుంది కానీ, పెట్టె సర్దే పూట ఆమెకు పౌరుషం వచ్చింది. "నా పెట్టె నేనే సర్దుకుంటాను మావయ్యా. వీడియో చూశాను. మీ చీటీలేమీ వద్దు, ప్లీజ్. అక్కడ నలుగురూ నవ్వుతారు."

"ఊఁ," అన్నాడు మావయ్య.

ఆమె చిన్న సామాన్లన్నీ ఒక కవరులో పోసి మూలన దోపింది. దారిలో ఎవరో పెట్టె తెరిచారు, ఎవరో మూశారు. అవతలి ఊళ్ళో దిగి చూస్తే కవరుంది, కవరుకు చిరుగుంది, బిగింపు పట్టీ లేదు. ఎవర్నడిగినా మాకేం తెలియదనే అన్నారు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. అలాంటి పట్టీ ఆ ఊళ్ళో ఏ షాపులోనూ దొరకలేదు. పందెం మొదలైన పొద్దున ఆమె హోటల్ గదిలో రెండు ముక్కల సైకిల్ ఎదురుగా కూర్చుని, కిటికీలోంచి మిగతావాళ్ళు వెళ్ళిపోవడం చూసింది.

తిరిగొచ్చి అందరికీ అబద్ధం చెప్పింది. సగం దూరం తొక్కాక జ్వరం వచ్చిందని. సెలవు కోసం ఆస్పత్రిలో గొడవపడింది, పెట్టె నేనే సర్దుకుంటానని గొప్పలకు పోయింది, ఇప్పుడు బొటనవేలంత ఇనుప ముక్క పోయిందని ఏ మొహం పెట్టుకుని చెబుతుంది?

జ్వరం మాట వినగానే మావయ్య థర్మామీటరు పట్టుకుని పైకి వచ్చాడు. నోట్లో పెట్టి, గడియారం చూసి, తీసి వెలుతురుకు పట్టాడు. మామూలు మనిషికి ఎంత ఉండాలో అంతే ఉంది. ఆయన దాన్ని రెండుసార్లు విదిలించి, "థర్మామీటరు పాతబడింది," అన్నాడు. ఆ తర్వాత నాలుగు రోజులు పూటపూటకూ గిన్నెడు సూపు వచ్చింది. ఉప్పు లేదు, కారం లేదు, పథ్యమట. రోజూ వందమంది ఎముకలు చూసే మనిషి, లేని జ్వరానికి ఆ సూపు గుక్కిట పట్టుకుని మింగింది. అబద్ధానికి ఆ మాత్రం శిక్ష ఉండాల్సిందేనని తనకు తానే చెప్పుకుంది.

ఈ ఏడాది మళ్ళీ సెలవు దొరికింది. "వచ్చే ఏడాది మాత్రం అడక్కు," అని పెద్ద డాక్టరు ముందే చెప్పేశాడు. ఈసారి ఆమె పౌరుషం గీరుషం అంతా కట్టిపెట్టి, పెట్టె తెచ్చి షాపు మధ్యలో పెట్టింది. "మీరే సర్దండి మావయ్యా."

మావయ్య చేతులు కడుక్కున్నాడు. షాపు తలుపు సగం మూశాడు. ఆపరేషన్ గదిలోకి వెళ్ళే డాక్టరుకు కూడా అంత గంభీరమైన మొహం ఉండదని ఆమె తన కళ్ళతో చూసిన అనుభవంతో అనుకుంది.

ముందు టైర్లలో గాలి సగానికి తీశాడు. పెడళ్ళు విప్పాడు, హ్యాండిల్ విప్పాడు, బ్రేకు పళ్ళేలు విప్పి రెండు అట్టల మధ్య పెట్టాడు. విప్పిన ప్రతి బోల్టునూ మళ్ళీ దాని రంధ్రంలోనే వేసి రెండు చుట్లు తిప్పాడు. "ఇంటికి మించిన సంచి లేదు," అన్నాడు. అది ఆ రోజుకు ఆయన మాట్లాడిన అతి పొడవైన వాక్యం. గొట్టాలు గీసుకోకుండా ఒక్కోదానికీ తన పాత ప్యాంటు కాళ్ళు కత్తిరించి తొడిగాడు. ఒక తొడుగుకు వెనక జేబు కూడా మిగిలింది. పైన బరువు పడితే మూత అణగకుండా నాలుగు మూలలా పొట్టి ఇనుప గొట్టాలు నిలబెట్టాడు. అన్నిటికంటే పైన, మడిచిన దుప్పటి ముక్క ఒకటి పెట్టాడు.

"ఇదెందుకు మావయ్యా?"

"అవసరం," అన్నాడు.

అప్పుడు చీటీలు తీశాడు. టైర్ల అట్టపెట్టెలు కత్తిరించి చేసినవి, పదిహేడు. ఏది ముందు తీయాలో, ఏది తర్వాతో అంకెలు వేసి, ఒక్కోదాన్నీ దాని స్థానంలో దారంతో కట్టాడు. "ఇది గాలి పంపు. ఇందులో గాలి తప్ప ఏమీ లేదు. అది కూడా ఈ ఊరిదే." అన్నిటి మీదా పెద్ద చీటీ ఒకటి, బోర్లించి పెట్టాడు. ఆమె చేయి చాపితే, "నీకు కాదు," అన్నాడు.

పెట్టె మూసి కాటాకు తగిలించారు. ఇరవైమూడు కిలోలు దాటకూడదు. ముల్లు ఇరవైమూడు దాటి రెండు వందల గ్రాముల దగ్గర ఆగింది.

"చీటీలు తీసేద్దాం మావయ్యా. సరిగ్గా సరిపోతుంది."

మావయ్య చాలాసేపు ఆలోచించాడు. "ఒక బూటు తీసేద్దామా?"

"ఒంటి బూటుతో ఎలా తొక్కుతానండీ?"

"రెండూ తీసేస్తే?"

ఆమె గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య వైపు చూసింది. "ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళమ్మా," అంది అత్తయ్య. "నువ్వు చెప్పులు తీసుకెళ్ళు."

మావయ్య ఆటో పిలవడానికి వీధి చివరికి వెళ్ళాడు. విమానానికి టైమవుతోంది. ఆమె చేతిసంచిలో బూట్లు పట్టవు, అట్టముక్కలు పడతాయి. గబగబా పెట్టె తెరిచి, పదిహేడూ పెద్దదీ తెంపి సంచిలో వేసుకుని, మళ్ళీ మూసేసింది. అత్తయ్య గోడ వైపు తిరిగి, "నేనేం చూడలేదు," అంది.

ఆటో కదులుతుంటే మావయ్య పెట్టె మీద రెండుసార్లు తట్టాడు. ఆమెకు ప్రాణం చివుక్కుమంది. అయినా, వాళ్ళెవరో చదివేదేముందిలే, అని సర్దిచెప్పుకుంది.

ఎయిర్‌పోర్టులో తూకం సరిపోయింది. పెట్టె పెద్ద సామాన్ల ద్వారంలోంచి లోపలికి పోయింది. ఆమె ఊపిరి పీల్చుకునేలోపే ఎవరో వచ్చి, "సైకిల్ పెట్టె మీదేనా? రండి," అన్నారు.

లోపల కిటికీ లేని గది. తెర ముందు ఒకాయన కూర్చుని ఉన్నాడు, బల్ల దగ్గర నీలం గ్లవ్స్ వేసుకున్న యాభై ఏళ్ళావిడ నిలబడి ఉంది. తెర మీద పెట్టె లోపలిదంతా కనిపిస్తోంది. తెర చదవడం ఎక్స్‌రే అమ్మాయికి కొత్త కాదు. నాలుగు మూలలా నల్లటి లావు గొట్టాలు, మధ్యలో మూతలున్న ఇంకో గొట్టం, దాని పక్కన పళ్ళేలు. తానే ఆ కుర్చీలో ఉంటే తనకూ అనుమానం వచ్చేదే.

"ఇవేమిటో తెలియాలి," అన్నాడు తెర ముందాయన. "అన్నీ విప్పి ఒక్కోటీ విడిగా మళ్ళీ మెషిన్లో పంపాలి. గంట పడుతుంది. లోడింగు పావుగంటలో ఆపేస్తారు. మీరెళ్ళండి, పెట్టె తర్వాతి విమానంలో వస్తుంది."

"తర్వాతిది ఎప్పుడండీ?"

"మూడు రోజులకి."

పందెం ఎల్లుండి పొద్దున. మళ్ళీ అదే హోటల్ గది, అదే కిటికీ. ఈసారి ఏ జ్వరం చెప్పాలో కూడా తోచలేదు.

గ్లవ్స్ ఆవిడ ఈలోగా గొళ్ళేలు తీసి మూత ఎత్తింది. మొహం మారిపోయింది. వంగి, జేబున్న తొడుగును వేలితో తాకింది.

"ఇది ప్యాంటాయన పెట్టె కదూ?"

తెర ముందాయన కుర్చీ లోంచి సగం లేచాడు. "ప్యాంటాయనదా? మరి చీటీలేవి?"

"లేవు." ఆవిడ దుప్పటి ముక్క ఎత్తి చూసింది, కింద చూసింది. నిజంగానే నొచ్చుకున్నట్టు ఎక్స్‌రే అమ్మాయి వైపు తిరిగింది. "ఒంట్లో బాగానే ఉన్నారా ఆయన?"

ఎక్స్‌రే అమ్మాయి తలూపింది. ఆవిడ వెళ్ళి గోడవార ఉన్న ఇనుప బీరువా తలుపు తీసింది. తలుపు లోపలి వైపు పైనుంచి కింది దాకా అట్టముక్కలు, పక్కపక్కనే, వరసగా అతికించి ఉన్నాయి. అన్నీ మావయ్య చేతిరాతే. "పొద్దుటి నుంచి నిలబడి ఉంటారు. ఈ పెట్టె అంచు గట్టిది, రెండు నిమిషాలు కూర్చోవచ్చు." "పండగ పూట కూడా డ్యూటీ పడినవారికి ప్రత్యేక నమస్కారం." "మీ పనిలో తొందర ఉంటుందని తెలుసు. తప్పు జరిగితే నేను ఏమీ అనుకోను."

"మిగతావి ఎక్కడివక్కడే కట్టి పంపిస్తాం," అంది ఆవిడ. "ఈ పై చీటీ మాత్రం ఉంచుకుంటాం. ఇది మాకే కదా. ఇరవై రెండేళ్ళుగా పెట్టెలు తెరుస్తున్నానమ్మా. లోపల నాకో నమస్కారం పెట్టిన మనిషి ఈయనొక్కడే. ఆ దుప్పటి ముక్క ఎవరికనుకున్నావు? నా మోకాళ్ళకి."

"ఆ చేప ఏమిటో మాత్రం తెలియలేదండీ," అన్నాడు తెర ముందాయన. "ఐదేళ్ళుగా వాదించుకుంటున్నాం."

"సీటు," అంది ఎక్స్‌రే అమ్మాయి. అని, చేతిసంచి బల్ల మీద బోర్లించింది. "తూకం ఎక్కువైందని నేనే తీసేశానండీ."

ఆ తర్వాత పని పరుగెత్తింది. ఒకటో చీటీ, రెండో చీటీ, మూడో చీటీ. ఇనుప గొట్టాలు, పంపు, పళ్ళేలు చీటీ చెప్పిన వరసలో బయటికి వచ్చాయి, వరసలో తెర దాటాయి, వరసలో లోపలికి వెళ్ళాయి. గంట పని తొమ్మిది నిమిషాల్లో ముగిసింది. గ్లవ్స్ ఆవిడ దుప్పటి ముక్క మోకాళ్ళ కింద వేసుకుని, పదిహేడు దారాలూ తిరిగి ముడివేసింది.

"మళ్ళీ తూకం పెరుగుతుందేమో," అంది ఎక్స్‌రే అమ్మాయి.

"ఒకసారి తూచారుగా," అన్నాడు తెర ముందాయన ఎటో చూస్తూ. "మళ్ళీ తూచేది లేదు."

చివరికి పెద్ద చీటీ మిగిలింది. గ్లవ్స్ ఆవిడ దాన్ని తీరిగ్గా చదువుకుంది. చదువుతూ మధ్యలో ఒకసారి తలెత్తి ఎక్స్‌రే అమ్మాయిని చూసింది. చదవడం పూర్తయ్యాక చీటీ ఆమె చేతిలో పెట్టింది.

"ఈ పెట్టె మొదట తెరిచినవారికి నమస్కారం. దుప్పటి ముక్క మీకోసమే. ఒక విన్నపం. ఈ సైకిల్ అమ్మాయి పోయిన ఏడాది కూడా వెళ్ళింది. బిగింపు పట్టీ దారిలో పడిపోయి, తొక్కకుండానే తిరిగొచ్చింది. జ్వరమని చెప్పింది. సైకిల్‌కు పట్టీ లేదు, కొత్త టైర్ల మీద రబ్బరు వెంట్రుకలు అలాగే ఉన్నాయి, నేను చూశాను. అడిగితే సిగ్గుపడుతుందని అడగలేదు. నాలుగు రోజులు సూపు తాగించాను. అంతకంటే ఏం చేయాలో నాకు తెలియలేదు. మీది తప్పని అనడం లేదు, వందల పెట్టెలు, నిమిషాల మీద పని. ఈసారి పట్టీని ఎర్ర దారంతో ఫ్రేముకే కట్టాను. విప్పకుండానే చూడొచ్చు. అమ్మాయి చాలా బాగా తొక్కుతుంది. ఆ మాట తనతో చెప్పడం నాకు చేతకాదు కాబట్టి మీకు చెబుతున్నాను."

వెనక బొమ్మ ఉంది. సైకిల్ మీద ఒక చేప, జడతో.

ఎక్స్‌రే అమ్మాయికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఆ సూపులో ఉప్పు కూడా లేదండీ," అంది, ఏదో ఒకటి అనాలి కాబట్టి. చీటీ మడిచి సంచిలో పెట్టుకోబోయింది.

గ్లవ్స్ చేయి అడ్డు వచ్చింది. "అది మాకు."

"ఇది నా గురించి కదండీ."

"నీ గురించే. రాసింది మాత్రం నాకు." ఆవిడ చీటీ తీసుకుని బీరువా వైపు నడిచింది. "వెళ్ళమ్మా, విమానం పోతుంది. బాగా తొక్కుతావట కదా."

మర్నాడు మధ్యాహ్నం, అవతలి ఊళ్ళో దిగాక, ఆమె అక్కడి హాలులోనే ఒక స్తంభం పక్కన సైకిల్ బిగించుకుంది. పట్టీ ఎర్ర దారంతో సహా ఉంది. అన్ని బోల్టులూ వాటి వాటి ఇళ్ళలోనే ఉన్నాయి. అప్పుడు మావయ్యకు ఫోన్ చేసింది. అంతా చెప్పింది. చీటీలు తెంపిన సంగతి, గది, బీరువా తలుపు, ఇరవై రెండేళ్ళ మోకాళ్ళు.

అటువైపు నుంచి ఎంతకీ "ఊఁ" కూడా రాలేదు.

"మావయ్యా? వింటున్నారా?"

"తలుపు నిండా ఉన్నాయా?"

"నిండా ఉన్నాయి. కింద ఇంకో రెండు పడతాయేమో."

వెనకాల అత్తయ్య గొంతు, "ఏమైంది, కళ్ళు తుడుచుకుంటున్నారేంటి?" అని అడగడం, మావయ్య "గ్రీజు," అని చెప్పడం వినిపించాయి.

"మావయ్యా, పోయిన ఏడాది నాకు జ్వరం..."

"రేపు పొద్దున ఎన్నింటికి మొదలు?" అన్నాడాయన గబుక్కున.

"ఆరింటికి."

"టైర్లలో గాలి చూసుకో." తర్వాత మామూలు గాంభీర్యంతో అడిగాడు. "ఆ గ్లవ్స్ ఆవిడకు ఇంకా ఎన్నేళ్ళు సర్వీసుందో కనుక్కున్నావా?"

"లేదు మావయ్యా. ఎందుకు?"

"కనుక్కోవాల్సింది," అన్నాడు మావయ్య. "ఆవిడతో చెప్పాల్సినవి నాకింకా చాలా ఉన్నాయి."